తిరుత్తణి నీళ్ళరాయి

ఈ పని ఏమిటంటే

టౌన్ ప్లానింగ్ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ ఊరికి బదిలీ అయింది అన్నవి ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలకు చెప్పవలసింది వేరే ఉంది.

మన పని గీతలు గీయడమని చదువులో చెబుతారు. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, మురుగు ఎటు పోవాలి, అంగళ్ళు ఎక్కడ పెట్టాలి. నేను చేరినప్పుడు నాకు తెలిసిందీ అంతే. జనం ఎక్కడ నిలబడతారు, ఎవరి పక్కన నిలబడతారు, ఎవరిని చూసి పక్కకు తప్పుకుంటారు అన్నది కూడా మన ప్లానులోదేనని నాకు ఒక చిన్న పని నేర్పింది. తిరుత్తణిలో బస్సులు ఆగే మైదానంలో తాగేనీళ్ళకు ఒక చోటు కట్టడం ఆ పని. అందులో నాకు తోడుగా ఉన్నది మా శాఖ మనిషి కాదు, ఒక శిల్పి. ఆమె లేకపోతే నేను ఆ ఊళ్ళో చాలా చెడ్డ పని ఒకటి చక్కగా చేసి, నలుగురి చేత బాగుందనిపించుకుని, ఇంటికి పోయి ఉండేవాణ్ణి.

మాది తిరువళ్ళూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా నాయనకు బజారులో విత్తనాల అంగడి ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరువళ్ళూరు మద్రాసు వైపు ఉండిపోయింది. తిరుత్తణి చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రకు వచ్చింది. రెండు భాషలూ రాయడం, చదవడం వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ కావాలని నన్ను అక్కడ వేశారు. తిరువళ్ళూరులో రైలెక్కి, అరక్కోణంలో బండి మారి తిరుత్తణి చేరేవాణ్ణి. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, జీతమిచ్చే ఊరు ఇంకో రాష్ట్రంలో. రైలు కిటికీలోంచి చూస్తే మాత్రం రెండు వైపులా అవే చెరకు తోటలు, అవే వేరుసెనగ చేలు.

మా పై అధికారి విశ్వేశ్వరరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి చిత్తూరులో ఉండేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. లంచమంటే ఆయనకు ఒళ్ళు మండేది. గీత వంకరపోతే కాగితం చింపేసి మళ్ళీ గీయమనేవారు. అయితే గొడవ అంటే భయం. "మనం కట్టింది పది కాలాలు నిలబడాలయ్యా మునిరత్నం. మనం పోయాక ఎవరూ మన పేరెత్తి తిట్టకూడదు" అనేవారు. ఆ రెండూ ఒకటేనని ఆయన నమ్మకం. కాదు. ఆ తేడా తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

వెదురు గొట్టం

తిరుత్తణిలో రైలు స్టేషనుకూ కొండకు పోయే రోడ్డుకూ మధ్య అప్పట్లో పెద్ద ఖాళీ జాగా ఉండేది. వారం వారం సంత అక్కడే జరిగేది. బస్సులు అక్కడే ఆగేవి, ఎడ్లబండ్లు అక్కడే విప్పేవాళ్ళు, ఆడికృత్తిక పండగకు కొండమీది గుడికి కావళ్ళు ఎత్తుకొచ్చే జనం అక్కడే దిగేవాళ్ళు. ఆ జాగాను ఒక పద్ధతిలో పెట్టమని పంచాయతీ బోర్డు మా శాఖను అడిగింది. బస్సులకు ఒక చోటు, జనానికి నీడ, తాగడానికి నీళ్ళు కావాలన్నారు.

కొలతలు తీసుకోవడానికి సంతరోజు పోయాను. ఎండాకాలం. మైదానంలో ఒక మూల తాటాకు పందిరి వేసి కుండలు పెట్టారు. నీళ్ళు పోయడానికి ఒక మనిషి ఉన్నాడు. కొందరికి చెంబు చేతికిచ్చేవాడు. కొందరికి దోసిట్లో పోసేవాడు. పందిరి గుంజకు పొడవాటి వెదురు గొట్టం ఒకటి కట్టి ఉంది. అది దేనికో తెలియలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఊరి వెలుపల ఉండే దళితవాడను ఆ ప్రాంతంలో చేరి అంటారు. చేరివాళ్ళు పందిరికి దూరంగా వంగి దోసిలి పడితే, ఆ మనిషి ఈ కొసన నీళ్ళు పోసేవాడు. అవి గొట్టంలోంచి జారి ఆ కొసన వాళ్ళ చేతుల్లో పడేవి.

కుప్పమ్మను మొదటిసారి చూసింది అక్కడే. చేరి నుంచి గడ్డిమోపులు తెచ్చి సంతలో అమ్ముకునే నడివయసు మనిషి. తలమీది మోపు దించి, పందిరి ముందుకు వచ్చి, వంగి చేతులు పట్టింది. పోసేవాడు ఎవరితోనో మాట్లాడుతూ పోశాడు. గొట్టం కదిలి నీళ్ళు ఆమె మోచేతుల మీద, చీర మీద పడ్డాయి. నోట్లోకి పోయింది తక్కువ. ఆమె ఇంకొంచెం పొయ్యమని అడగలేదు. చీర కుచ్చెళ్ళు పిండుకుని మోపు దగ్గరకు పోయి కూర్చుంది. అంటరానితనం లేదని రాజ్యాంగంలో రాసి అప్పటికి కొన్నేళ్ళయింది.

ఈ సంగతి విశ్వేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన బాధపడ్డారు, అది నిజం. తర్వాత అన్నారు: "రెండు కుళాయిలు పెట్టు. ఒకటి తూర్పు కొసన, ఇంకొకటి పడమటి కొసన. బోర్డులేమీ రాయకు. ఎవరికి నచ్చిన దగ్గర వాళ్ళు తాగుతారు. ఆ గొట్టం బాధా తప్పుతుంది, గొడవా ఉండదు."

వినడానికి అది తెలివైన మాట. అలాగే గీశాను. పంచాయతీ బోర్డువాళ్ళు చూసి మెచ్చుకున్నారు.

శెట్టిగారి నాయన

చింతపండు మండీ నడిపే సుబ్బరాయ శెట్టిగారు నీళ్ళ ఏర్పాటు తన తండ్రి పేరు మీద తానే చేయిస్తానన్నారు. నీళ్ళ దగ్గర తండ్రి బొమ్మ నిలబెట్టాలి, అదొక్కటే ఆయన కోరిక. బోర్డు ఒప్పుకుంది. బొమ్మ చెయ్యడానికి తిరువళ్ళూరు నుంచి రాజేశ్వరిని పిలిపించారు.

ఆమె మా ఊరి మనిషే. నూనె వ్యాపారం చేసే తెలుగు కుటుంబం వాళ్ళది. మద్రాసులో శిల్పం నేర్చుకుని వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ రోజుల్లో అది ఊరంతా మాట్లాడుకునే సంగతి. అన్నగారి గానుగ వెనక రేకుల కొట్టంలో మట్టి, సున్నం, రాళ్ళు పెట్టుకుని పనిచేసుకునేది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. రాజక్కా అని పిలిచేవాణ్ణి.

బొమ్మ ఎంత ఎత్తుండాలని ఆమె అడగలేదు. సంతరోజు వచ్చి, ఒక బండి నీడన కూర్చుని, పొద్దు వాలేదాకా జనాన్ని గీస్తూ ఉండిపోయింది. శెట్టిగారి మనిషి కుర్చీ తెస్తే వద్దంది. తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు నా ప్లాను చూపించాను.

"ఈ కుళాయిలు రెండెందుకు రత్నం?" అంది.

"సంతరోజు రద్దీ ఎక్కువ గదక్కా."

"రద్దీకైతే రెండూ పక్కపక్కన పెట్టుంటావు. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెట్టినావే?"

నేను ప్లాను చుట్టబోతే ఆమె చేత్తో ఆపింది.

"పందిట్లో ఆ గొట్టం చూసినావు గదా. దాన్ని రేపైనా ఇరగ్గొట్టి పొయ్యిలో పెట్టొచ్చు. నువ్వు దాన్నే సిమెంటుతో కడతాండావు. దీన్ని యా పొయ్యిలో పెడతారు?"

రైలు వచ్చింది. అరక్కోణం దాకా ప్లాను ఒళ్ళో విప్పి పెట్టుకున్నాను. ఆ ప్లాను నేను ఎంత శుభ్రంగా గీశానో నాకు తెలుసు. ఆమె అన్న తర్వాత దాన్ని మళ్ళీ ఆ కళ్ళతో చూడలేకపోయాను.

తర్వాతి వారం ఆమె మట్టితో నమూనా చేసి తెచ్చింది. తిరగలి లాంటి పెద్ద గుండ్రటి రాయి. దాని నడుమ పైకి చాపిన దోసిలి. కుళాయి గొట్టం కింద నుంచి వచ్చి ఆ దోసిట్లో నీళ్ళు ఊరతాయి. దోసిలి నిండి పొర్లిన నీళ్ళు రాతిలోని గాడుల వెంట చుట్టూ ధారలుగా పడతాయి. కొన్ని ధారలు ఎత్తులో, కొన్ని చిన్నపిల్లలకు అందేటట్టు. కిందపడ్డ నీళ్ళు కాలువలో పోయి ఎడ్ల తొట్టిలో చేరతాయి. చెంబు లేదు, పోసే మనిషి లేడు.

"గుండ్రంగా ఉంటే ముందూ ఎనకా ఉండదు" అంది.

ఇద్దరం మండీకి పోయాం. శెట్టిగారు నమూనా చుట్టూ తిరిగి చూసి, "మా నాయన బొమ్మ యాడమ్మా?" అన్నారు.

"మీ నాయన ఎట్లుండేవాడో చెప్పండి శెట్టిగారూ."

ఆయన చింతపండు బస్తా మీద కూర్చున్నారు. "ఫొటో లేదు. మొగం నాకే సరిగ్గా గురుతు లేదు. కొండపల్లెల్లో చింతపండు కొని గంపతో మోసుకొచ్చేవాడు. మండీ పెట్టినాక కూడా, ఎండాకాలం బండోళ్ళకు తన చేత్తో తానే నీళ్ళు పోసేవాడు. చేతులు గురుతుండాయి. చిటికెనేలు వంకర. మూట పడి ఇరిగింది, అట్లనే అతుక్కుంది."

"అయితే ఆ చేతులే చేస్తా."

"మొగం లేకుంటే మా నాయనని యవరికి తెలుస్తాది?"

"మీకు తెలుస్తాది. తాగేవాళ్ళకు నీళ్ళిచ్చిన చేతులని తెలుస్తాది. మొగం పెడితే నుదుట నామం పెట్టాల. నామం చూస్తే ఇది యవరిదో అని అడగతారు. చేతుల్ని యవరూ అడగరు."

శెట్టిగారు తన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "చిటికెనేలు మర్చిపోవద్దు" అన్నారు చివరకు. మేము లేచాం.

చోటు

శిల్పి రూపం ఇచ్చింది. చోటు చెప్పవలసింది నేను. రాజక్కకు అది తెలుసు. "రాయి ఎట్లుండాల్నో చెప్పినా. యాడుండాల్నో నువ్వు చెప్పు. అది నాకు చాతకాదు" అంది.

కొండ రోడ్డు పక్కన పెడితే చేరివాళ్ళు అటు రారు. బండ్ల వైపు, చేరి దారికి దగ్గరగా పెడితే ఊరివాళ్ళు రారు. కొన్ని వారాలు ఆ మైదానంలో ఊరికే తిరిగాను. ఒకరోజు పొదటూరుపేట నుంచి బస్సు వచ్చింది. "ఎరంగు, ఎరంగు" అని దిగమంటూ కండక్టరు అరుస్తున్నాడు. దిగినవాళ్ళను చూస్తుంటే నాకు తట్టింది. వీళ్ళు గంటసేపు ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని వచ్చారు. పక్కన కూర్చున్నది ఎవరో ఎవరికీ తెలియదు. దుమ్ము తాగి గొంతు ఎండిపోయి ఉంది. ఒకరినొకరు ఎరిగిన జనం నీళ్ళ దగ్గరకు వస్తే ముందు ఎదుటివాడెవరో చూస్తారు. ఎరగని జనం వస్తే ముందు నీళ్ళు తాగుతారు. రాయి బస్సులు ఆగే చోట ఉండాలి.

బోర్డు సమావేశంలో ప్రెసిడెంటు కోదండయ్య గారు నమూనాను మెచ్చుకున్నారు. భూములున్న పెద్ద ఇంటి మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగరు.

"బాగుండాది. నాకేం అభ్యంతరం లేదు మునిరత్నం. జనానికి ఉండాది" అన్నారు.

ఈ మాట తర్వాత నేను పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ విన్నాను. చెప్పేవాడికి ఎప్పుడూ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం ఉన్న జనం ఎప్పుడూ ఆ గదిలో ఉండరు. పిల్లలూ, మీకూ ఈ మాట ఎదురవుతుంది. అభ్యంతరం ఎవరికో పేరు చెప్పమని అడగండి.

ఆ సమావేశంలో ఇంకో గొడవ కూడా లేచింది. రాతి మీద తెలుగులో రాయాలని కొందరు, తమిళంలో రాయాలని కొందరు పట్టుబట్టారు. తిరుత్తణి ఏ రాష్ట్రానికి చెందాలన్న తగవు అప్పటికింకా తెగలేదు. "దాహమైనోనికి అక్షరాలు యాల? ఏమీ రాయను" అంది రాజక్క. శెట్టిగారు తండ్రి పేరు కూడా వద్దన్నారు. ఆ మాటతో రెండు పక్షాలూ ఊరుకున్నాయి.

విశ్వేశ్వరరావు గారి దగ్గరకు చిత్తూరు పోయాను. ఆయనకు ఇష్టం లేదు. "కొట్లాట జరిగితే బాధ్యత ఎవరిది? రెండు కుళాయిలు పెట్టమన్నాను కదా" అన్నారు.

"రెండు పెడితే కొట్లాట జరగదండి. కానీ మనవాళ్ళలో ఎవరైనా ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చి చూస్తే, చేరివాళ్ళకు వేరే కుళాయి ఎవరు పెట్టారని అడుగుతారు. మన శాఖ అని చెబుతారు. ప్లాను మీద మీ సంతకం ఉంటుంది."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మళ్ళీ పెట్టుకుని ప్లాను మీద సంతకం చేశారు. తన పేరు పాడవుతుందన్న భయంతోనే ఆయన ఆ మంచిపని చేశారు. నాకు అది తక్కువగా అనిపించలేదు. ధైర్యం లేనివాళ్ళ చేత కూడా సరైన పని చేయించవలసి రావడం మన ఉద్యోగంలో రోజూ ఉంటుంది. వాళ్ళను తప్పుపట్టడం సులువు. వాళ్ళకు పట్టింపు ఉన్నది ఏమిటో కనుక్కోవడం కష్టం.

కుప్పమ్మ తాగిన రోజు

రాయి వచ్చింది. పెద్దపని రాతిపనివాళ్ళు చేశారు, చేతులు మాత్రం రాజక్క తానే చెక్కింది. నీళ్ళు వదిలిన రోజు శెట్టిగారు ఆ వంకర వేలిని తడిమి చూసి, పోయి మండీలో కూర్చున్నారు. తాటాకు పందిరిని బోర్డువాళ్ళు పీకేశారు. జనం రాతి చుట్టూ మూగి తాగారు. నీళ్ళరాయి అని వాళ్ళే పేరు పెట్టారు.

చేరివాళ్ళు రాలేదు. మొదటి సంతకూ రాలేదు, తర్వాతి సంతకూ రాలేదు. కుప్పమ్మ ఇంటి నుంచి ముంతలో నీళ్ళు తెచ్చుకుని మోపు పక్కన పెట్టుకుంది.

రాజక్క ఆమె దగ్గరకు పోయి కూర్చుంది. "నీళ్ళు అందరికీ కుప్పమ్మా. ఒగసారి వచ్చి తాగు."

"మీరు కట్టేసి రైలెక్కి పోతారమ్మా. తాగి మాట పడేది మేమే, మేముదా" అంది కుప్పమ్మ, మోపు సర్దుకుంటూ.

రాజక్క లేచి వచ్చి నాతో, "ఆమె చెప్పింది నిజం. ఇంగ అడగొద్దు" అంది. మేము అడగలేదు. ఎవరినైనా తెచ్చి తాగించి ఫొటో తీయిద్దామని బోర్డులో ఒకాయన అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు.

ఒక సంతరోజు మధ్యాహ్నం రెండు బస్సులు ఒకేసారి వచ్చాయి. దిగిన జనం నీళ్ళరాయి మీద పడ్డారు. బస్సు జనానికి నీడకని మేము కట్టిన షెడ్డు దగ్గర నేను నిలబడి ఉన్నాను. కుప్పమ్మ మోపు వదిలి లేచింది. నెమ్మదిగా నడిచి ఆ గుంపులోకి పోయింది. వంగి, ధార కింద రెండు చేతులూ పట్టి తాగింది. పక్కనున్న బస్సు జనానికి ఆమె ఎవరో తెలియదు. తాగి, నోరు తుడుచుకుని, మోపు దగ్గరకు తిరిగి వచ్చింది. ఆమె మొహం నాకు కనపడలేదు, అటు తిరిగి ఉంది.

సంతలో చూసినవాళ్ళు చూశారు. ఎవరూ కేక వెయ్యలేదు, చెయ్యెత్తలేదు. తర్వాతి సంతకు ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళవాళ్ళు ఆమె దగ్గర గడ్డి కొనలేదు. ఆ తర్వాతి సంతకూ కొనలేదు. తెచ్చిన మోపులు తెచ్చినట్టే మోసుకుని పోయేది.

రాజక్క శెట్టిగారి దగ్గరకు పోయింది. మండీలో బండెడ్లు ఉన్నాయి కదా, కొనమంది. ఆయన ఒక వారం కొని మానేశారు. "యాపారం చేసుకోవాల గదమ్మా. నన్నేం చెయ్యమంటావు?" అన్నారు. రాతిలో తండ్రి వంకర వేలిని తడిమి చూసుకున్న మనిషే. మనిషి ఒకచోట మెత్తగా, ఇంకోచోట పిరికిగా ఉండగలడు. నేను అప్పటికి చిన్నవాణ్ణి, ఆయన మీద కోపం వచ్చింది.

ఒక ఉదయం వచ్చి చూస్తే దోసిలి చిటికెన వేలు విరిగి ఉంది. ఎవరో రాయితో కొట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. శెట్టిగారు వచ్చి విరిగిన ముక్కను ఏరి పట్టుకున్నారు. "మా నాయనకు రెండోసారి ఇరిగింది" అన్నారు. రాజక్క అతికించి ఇస్తానంది. ఆయన వద్దన్నారు. ఆ వారం కుప్పమ్మ తెచ్చిన మోపులు మండీకి పోయాయి, తర్వాత కూడా పోతూ వచ్చాయి. ఆ సంగతి ఆయన మాతో ఎన్నడూ మాట్లాడలేదు.

కుప్పమ్మ తాగడం మానలేదు. ఆమె వెనక చేరి నుంచి ఒకరిద్దరు, ఆ తర్వాత ఇంకొందరు రావడం మొదలుపెట్టారు. పని జరిగిందనుకున్నాను. నిజానికి జరగలేదు.

ముందూ వెనకా

రాజక్క నెలకొకసారైనా సంతకు వచ్చి గీస్తూనే ఉండేది. కట్టిన తర్వాత కూడా వచ్చి చూసే కళాకారులను నా సర్వీసులో ఇంకెవరినీ చూడలేదు. మనవాళ్ళు కూడా అంతే, ప్రారంభోత్సవం అయ్యాక ఆ వీధిలోకి పోరు.

ఒకరోజు ఆమె తాను గీసినవన్నీ షెడ్డు అరుగు మీద పరిచి నన్ను పిలిచింది. "చూడు" అంది.

నాకు ఏమీ తెలియలేదు.

"బండ్ల వైపు ధార దగ్గర యవరుండారో చూడు. ఇందులో చూడు. మళ్ళా ఇందులో."

అప్పుడు కనపడింది. ఉత్తరాన బండ్ల వైపున్న ధార దగ్గర ప్రతి బొమ్మలోనూ కుప్పమ్మ, చేరివాళ్ళు. తక్కిన ధారల దగ్గర ఊరివాళ్ళు, బస్సువాళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాయలేదు. గుండ్రటి రాతికి ముందూ వెనకా ఉండదని మేమనుకున్నాం. జనం కొన్ని నెలల్లో రెండూ కనిపెట్టేశారు.

రాజక్క ఆ కాగితాలు ఒకదాని మీద ఒకటి వేసింది. "నా రాయి గూడా గొట్టమే అయిపాయ" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "దాన్ని పగలగొట్టించు రత్నం. కావాలంటే నేను దస్కత్తు పెట్టి ఇస్తా."

నేను లేచి రాతి చుట్టూ తిరిగాను. తప్పు రాతిలో లేదు, నేలలో ఉంది. బస్సులు దక్షిణాన ఆగుతున్నాయి. షెడ్డు ముఖం కూడా దక్షిణానికే. దిగినవాళ్ళు ఇటు నుంచి వచ్చి ఇటు ధారల దగ్గరే తాగుతారు. చేరి నుంచి వచ్చే దారి ఉత్తరాన కలుస్తుంది, అక్కడే బండ్లు విప్పుతారు, పేడ ఉంటుంది. అందుకని ఉత్తరం వెనక వైపు అయింది. వెనక వైపు అయింది కనుక అది వాళ్ళదయింది.

"రాయిని తిప్పలేం గానీ అక్కా, బస్సులను తిప్పుదాం" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది.

ఆ తర్వాత చేసింది అంతా మామూలు పనే. షెడ్డు వెనక గోడ తీయించి అటు కూడా ముఖం పెట్టాం. బండ్లను దక్షిణానికి మార్చాం. బస్సులు ఉత్తరం నుంచి చుట్టుకొచ్చి అక్కడ ఆగేలా దారి వేశాం. మధ్యాహ్నం నీడ అటే పడుతుంది కనుక డ్రైవర్లు సంతోషించారు. ఎందుకు మార్చారని కోదండయ్య గారు అడిగితే, బస్సు తిప్పడానికి వీలుగా ఉంటుందని చెప్పాను. అదీ నిజమే. విశ్వేశ్వరరావు గారు కొత్త ప్లాను చూసి నా మొహం వైపు చూశారు. ఏమీ అడగకుండా సంతకం చేశారు.

ఇప్పుడు దాహంతో దిగిన జనానికి దగ్గరగా ఉన్నది ఆ ఉత్తరపు ధారే. వాళ్ళకు అది ఎవరిదో తెలియదు. సంతరోజు అక్కడ నిలబడటానికి చోటు దొరికేది కాదు. చోటు దొరకక చేరివాళ్ళు పక్క ధారకు, దాని పక్క ధారకు జరిగారు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో గొణిగారు. ఏ ధార ఎవరిదో చెప్పలేకపోయాక గొణుగుడు తగ్గింది. పెద్ద ఇళ్ళవాళ్ళు చాలాకాలం ఆ రాతి వైపే రాలేదు.

ఇందులోంచి నేను తెలుసుకున్నది చెబుతాను. మంచి రూపం ఒక్కటే మనుషులను మార్చదు. మంచి చోటు ఒక్కటే కూడా మార్చదు. శిల్పి మనుషుల చేతులు, ముఖాలు చూస్తుంది. మనం వాళ్ళ కాళ్ళు ఎటు పోతాయో చూస్తాం. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చూస్తే తప్ప నిజం కనపడదు. ఆ రెండూ చేసినా, ముందు అడుగు వేసి దాని ఖరీదు కట్టేది కుప్పమ్మ లాంటివాళ్ళే. వాళ్ళ తరఫున ధైర్యం మనం చేశామని ఎక్కడా చెప్పుకోకండి.

రాజక్కకు అలాంటి పని మళ్ళీ దొరకలేదు. ఊళ్ళన్నీ నాయకుల విగ్రహాలు కావాలన్నాయి. బతకాలి కనుక చేసింది, బాగానే చేసింది. వాటి గురించి నాతో ఎప్పుడూ మాట్లాడేది కాదు. చివరి ఏళ్ళలో రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పాడై తిరువళ్ళూరులో అన్నగారింట్లో పోయింది. నీళ్ళరాతి మీద ఆమె పేరు లేదు. ఇక్కడ రాశాను.

తిరుత్తణి వదిలిన రోజు

1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నేను ఆంధ్ర సర్వీసులోనే ఉంటానన్నాను, చిత్తూరుకు వేశారు. సామాను ముందే పంపించేశాను. వెళ్ళే రోజు సంతరోజే పడింది. చిత్తూరు బస్సు కోసం ఉత్తరం వైపు షెడ్డులో కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. రాతి చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు.

ధార దగ్గర గలాటా వినపడింది. తల తిప్పి చూస్తే కుప్పమ్మ. ఆమెను దాటి ముందుకు దూరి చెయ్యి పెట్టబోతున్నది ప్రెసిడెంటు కోదండయ్య గారి కోడలు. చంకలో పిల్ల ఉంది.

"ఏమ్మా, కండ్లు కనపళ్ళేదా? నేను ముందొచ్చినా" అంది కుప్పమ్మ.

"పిల్ల ఏడస్తా ఉండాది, ఒగ దోసిలి పట్టుకుంటా."

"పిల్లకు పట్టి తాపు. నువ్వు మాత్రం ఎనక నిలబడు. ఇంతసేపు నిలబడింది నేనుదా."

ఇక కొట్లాటే అనుకున్నాను. లేవబోయాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ ఎవరి తొందరలో వాళ్ళు పడ్డారు. ఆ అమ్మాయి పిల్లకు ఒక దోసిలి పట్టి, మొహం ముడుచుకుని, కుప్పమ్మ వెనకకు పోయి నిలబడింది. ఆ తగవులో వంతు గురించి తప్ప ఎవరూ వేరే మాట ఎత్తలేదు.

కుప్పమ్మ వంగి తాగింది. మొహం కడుక్కుంది. మెడ తడుపుకుంది.

"శీక్రం కానీ, బస్సు పోతాది" అని వెనక నుంచి ఆ అమ్మాయి సణిగింది.

కుప్పమ్మ తొందరపడలేదు. ఇంకో దోసిలి పట్టి తాగింది.